నల్లగౌను వాళ్ల పంక్తి

ఇంగ్లండులో బారిస్టరు కావాలంటే ఒకప్పుడు చదివితే చాలేది కాదు, తినాలి కూడా. వేళాకోళానికి అనడం లేదు, నియమమే అది. లండన్‌లో లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అని నాలుగు లాయర్ల సంఘాలున్నాయి. లింకన్స్ ఇన్ రికార్డులైతే 1422 నుంచీ ఉన్నాయి. అక్కడ బారిస్టరు అనిపించుకోవాలంటే ఈ నాలుగింట్లో ఏదో ఒకటి మనల్ని ‘బార్‌కి పిలవాలి’. పిలవాలంటే ఆ సంఘం భోజనాల హాల్లో ఇన్ని పూటలని కూర్చుని ఉండాల్సి వచ్చేది. పరీక్ష ఎంత గొప్పగా పాసైనా, పంక్తిలో కూర్చోనివాడికి గౌను ఉండేది కాదు.

నేను జూనియర్‌గా చేరిన కొత్తలో మా సీనియర్ గారు ఈ సంగతి చెప్పి, “చూశావామ్మా, మనం సెక్షన్లు మింగాం, వాళ్లు బంగాళాదుంపలు మింగారు” అనేవారు. అప్పట్నుంచీ ఆ హాళ్లు ఎలా ఉంటాయో చూడాలని ఉండేది. మా అమ్మాయి లండన్‌లో కాపురం పెట్టాక ఆ కోరిక తీరింది.

ఫ్లీట్ స్ట్రీటుకీ థేమ్స్ నదికీ మధ్య ఉన్న చోటు పేరు టెంపుల్. రోడ్డు మీద బస్సుల రొద వదిలి ఒక సందులోకి తిరిగితే రాతి పలకల నేల, ఇటుక మేడలు, ఇప్పటికీ గ్యాసుతో వెలిగే దీపాలు. ఒక్కో మేడ గుమ్మం పక్కన ఒక పొడుగాటి బోర్డు, దాని మీద పైనుంచి కిందికి పేర్లు. అందరూ లాయర్లే. ఎవరు సీనియరో, ఎవరు నిన్నగాక మొన్న చేరారో ఆ వరసే చెబుతుంది. మన కోర్టు వీధుల్లో రేకు బోర్డులకీ వీటికీ తేడా ఒక్కటే: అక్కడ డిగ్రీలు రాసుకోరు. ఇన్నర్ టెంపుల్ మేడల మీద రెక్కల గుర్రం బొమ్మ, మిడిల్ టెంపుల్ మేడల మీద జెండా పట్టుకున్న గొర్రెపిల్ల బొమ్మ కనిపిస్తాయి. ఏ గుమ్మం ఎవరిదో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

టెంపుల్ అనే పేరు టెంప్లర్లనే యోధ సన్యాసుల వల్ల వచ్చింది. వాళ్ల గుండ్రటి చర్చి 1185లో ప్రతిష్ఠ అయింది. 1312లో పోపు ఆ సన్యాసుల సంఘాన్ని రద్దు చేశాక, ఆ స్థలంలోకి లాయర్లు అద్దెకి చేరారు. 1608లో జేమ్స్ రాజు ఆ భూమిని వాళ్లకే రాసిచ్చేశాడు. అద్దెకొచ్చినవాళ్లు ఇంటివాళ్లు కావడం మీద మన మున్సిఫ్ కోర్టుల్లో ఎన్ని దావాలు నలుగుతుంటాయో తలచుకుని నవ్వొచ్చింది.

మిడిల్ టెంపుల్ హాలు ఎలిజబెత్ రాణి కాలం నాటిది. తల వెనక్కి వాల్చి చూస్తే పైకప్పు అంతా ఓక్ దూలాల అల్లిక. 1602 ఫిబ్రవరిలో షేక్‌స్పియర్ నాటకం ‘ట్వెల్త్ నైట్’ ఆడింది ఇక్కడే. అంతకంటే నా చూపు బల్లల మీదే ఎక్కువ నిలిచింది. హాలు చివర ఎత్తయిన వేదిక, దాని మీద పెద్దల బల్ల. ఆ పెద్దల్ని బెంచర్లంటారు. కింద పొడుగాటి బల్లలు, రెండు వైపులా కూర్చునే బెంచీలు. విద్యార్థులు నలుగురు నలుగురుగా జట్టు కట్టి తినాలి.

అలాంటి జట్టులో ఒకరు ఎలా తిన్నారో మనకి బాగా తెలుసు, ఆయనే రాసుకున్నారు కాబట్టి. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1888 నవంబరులో ఇన్నర్ టెంపుల్‌లో చేరారు. ఏడాదికి నాలుగు టర్ములు, మొత్తం పన్నెండు. టర్ముకి ఇరవై నాలుగు విందులుంటే కనీసం ఆరింటికి హాజరు కావాలి. తినకపోయినా పరవాలేదు, మొదటినుంచీ చివరిదాకా కూర్చుని ఉండాలి. పూటకి రెండున్నర నుంచి మూడున్నర షిల్లింగులు. ఆయన మాంసం ముట్టరు, కాబట్టి రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, క్యాబేజీ. అవి కూడా మొదట్లో సహించలేదట. నలుగురి జట్టుకి రెండు సీసాల వైను ఇచ్చేవారు. ఈయన తాగరు. దాంతో ఆ రెండు సీసాలూ ముగ్గురికే మిగులుతాయి కాబట్టి, మా జట్టులోకి రమ్మంటే మా జట్టులోకి రమ్మని పిలిచేవారట. కొన్నాళ్లకి ఆయనా, ఒక పార్శీ విద్యార్థీ కలిసి శాకాహారం కావాలని అర్జీ పెట్టుకున్నారు. బెంచర్ల బల్ల మీద నుంచి పళ్లూ కూరగాయలూ రావడం మొదలైంది. గాంధీ గారు గెలిచిన మొట్టమొదటి పిటిషన్ ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

ఈ విందుల వల్ల బారిస్టరుకి ఏం ఒరిగిందో తనకి అప్పుడూ అర్థం కాలేదని ఆయనే రాశారు. పాత రోజుల్లో విద్యార్థులు తక్కువ, పెద్దలతో కలిసి కూర్చుని మాటతీరు, మర్యాద నేర్చుకునేవాళ్లు. తరవాత బెంచర్ల బల్ల వేరు, కుర్రాళ్ల బల్ల వేరు అయిపోయింది. విందు మిగిలింది, అసలు సంగతి పోయింది. ఈ హాజరు పద్ధతి ఇప్పటికీ ఉంది. కాకపోతే విందులతో పాటు ఉపన్యాసాలూ శిక్షణ తరగతులూ కలిపారు. అమెరికాలో 1869లో మిషిగన్ యూనివర్సిటీలో పుట్టిన ‘ఫై డెల్టా ఫై’ అనే లా చదివేవాళ్ల సంఘం కూడా తన శాఖల్ని ‘ఇన్’లనే పిలుచుకుంటుంది. అంటే ఈ మోజు సముద్రాలు దాటింది.

మరి మనవాళ్లు ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టి ఆ బంగాళాదుంపల కోసం ఎందుకు వెళ్లారు? దీనికి జవాబు రాజమండ్రిలో ఉంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టుల్లో లాయర్లలోనే వర్ణాశ్రమం ఉండేది. సెకండ్ గ్రేడ్ ప్లీడరు, ఫస్ట్ గ్రేడ్ ప్లీడరు, హైకోర్టు వకీలు, అందరి మీదా బారిస్టరు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచిన తల్లి కొడుకు. ప్రాక్టీసు బ్రహ్మాండంగా సాగుతోంది, మున్సిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు. అయినా హైకోర్టులో నోరు విప్పే హక్కు లేదు. ఒక కేసు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు ఈయన చురుకు చూసిన ఒక బారిస్టరు, నువ్వూ బారిస్టరువి కారాదా అన్నాడట. 1904లో ముప్పై రెండేళ్ల సంసారి ఓడెక్కేశారు. లండన్‌లో చదువుతూనే దాదాభాయి నౌరోజీ ఎన్నికల ప్రచారంలో తిరిగారు. 1907లో వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. ఆ ఏడాదే అతివాద నాయకుడు బిపిన్ చంద్రపాల్ మద్రాసు వస్తే, సభకి అధ్యక్షత వహించడానికి మిగతా పెద్దమనుషులు జంకుతుంటే ఈయన వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

తెలుగువాళ్లకి బారిస్టరు అంటే మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశమే ముందు గుర్తొస్తాడు. 1924లో మొక్కపాటివారు పుట్టించిన ఆ కుర్రాడు మనల్ని నవ్వించినంతగా అసలు బారిస్టర్లెవరూ నవ్వించలేదు. అయితే వీళ్ల కథల్లో కూడా సరుకు తక్కువేం లేదు.

భారతీయుల్లో ఈ పంక్తిలో మొదట కూర్చున్నది జ్ఞానేంద్ర మోహన్ టాగోర్. 1862లో లింకన్స్ ఇన్ ఆయన్ని బార్‌కి పిలిచింది. లా చదివిన ప్రతివాళ్లూ ‘టాగోర్ వర్సెస్ టాగోర్’ కేసు వల్లె వేసే ఉంటారు. నేనూ వేశాను. ఇంకా పుట్టనివాళ్ల పేర ఆస్తి రాయవచ్చా లేదా అనే ఆ 1872 ప్రీవీ కౌన్సిల్ తీర్పులో ఒక పక్షం ఈయనే. క్రైస్తవం పుచ్చుకున్నాడని తండ్రి ప్రసన్న కుమార్ టాగోర్ ఈయనకి ఆస్తి దక్కకుండా వీలునామా రాసిపోయాడు. మొదటి భారతీయ బారిస్టరు పేరు మన పుస్తకాల్లో లాయరుగా కాక కక్షిదారుగా మిగిలింది! ఆ తరవాత బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్ 1866లో గ్రేస్ ఇన్ నుంచి బారిస్టరయ్యాడు. కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు ఉమేశ్ చంద్ర బెనర్జీ మిడిల్ టెంపుల్ మనిషి. జిన్నా లింకన్స్ ఇన్. నెహ్రూ ఇన్నర్ టెంపుల్, 1912. పేరూ రాలేదు, పరువూ పోలేదు అన్నట్టుగా పాసయ్యానని ఆయనే చెప్పుకున్నారు.

వల్లభ్‌భాయ్ పటేల్ కథ వేరు. గోధ్రా, బోర్సద్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదించి డబ్బు కూడబెట్టి లండన్‌కి కాగితాలు తెప్పించుకుంటే, అవి ‘వి.జె. పటేల్’ పేరుతో వచ్చాయి. అన్న విఠల్‌భాయ్ పొడి అక్షరాలూ అవే. తమ్ముడి వెనక అన్న వెళ్లడం ఏం మర్యాద, ముందు నేను వెళ్తానన్నాడు అన్న. తమ్ముడు కాగితాలు ఇచ్చేసి, ఖర్చు కూడా భరించాడు. తన వంతు వచ్చేసరికి 1910. మిడిల్ టెంపుల్‌లో చేరి, మూడేళ్ల చదువు రెండున్నరేళ్లలో ముగించి, పరీక్షల్లో మొదటివాడిగా నిలిచి తిరిగొచ్చాడు.

ఇన్ని పేర్లలో ఒక్క ఆడపేరూ రాలేదని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. 1919 దాకా ఆ హాళ్లలో ఆడవాళ్లకి విస్తరి వెయ్యలేదు. హెలెనా నార్మంటన్ అనే ఆవిడ 1918లో మిడిల్ టెంపుల్‌కి దరఖాస్తు పెడితే తిప్పి పంపారు. 1919 డిసెంబరు 23న ఆడవాళ్ల మీద ఆంక్షలు తొలగిస్తూ చట్టం వచ్చింది. మర్నాడే ఆమె మళ్లీ వెళ్లి చేరింది. మన కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాసింది. పట్టా మాత్రం ఇవ్వలేదు. ఆడవాళ్లకి పట్టాలివ్వడానికి ఆ యూనివర్సిటీ 1920 దాకా ఒప్పుకోలేదు. ఈలోగా ఆమె మన దేశంలో పరదా చాటున ఉండే జమీందారీ స్త్రీల ఆస్తుల తగాదాలు చూస్తూ పల్లకీల్లో, పడవల్లో తిరిగింది. లింకన్స్ ఇన్ పిలుపు 1923లో వచ్చింది, అప్పటికి ఆమెకి యాభై ఆరేళ్లు. అదే ఏడాది అదే సంఘం నుంచి మిఠన్ టాటా అనే అమ్మాయి కూడా బారిస్టరై బొంబాయి హైకోర్టులో అడుగుపెట్టింది. నేను ప్రాక్టీసు మొదలెట్టిన ఊళ్లో లేడీ అడ్వొకేట్లకి కూర్చునే గది లేక రికార్డు రూము వరండాలో టిఫిను డబ్బాలు విప్పుకునేవాళ్లం. అందుకేనేమో, నార్మంటన్ ఒక్కరోజు కూడా ఆగలేదన్న ముక్క నాకు భలే నచ్చింది.

గ్రేస్ ఇన్ టెంపుల్‌కి కాస్త దూరంగా ఉంటుంది. పాత హాలు 1941లో జర్మన్ బాంబులకి తగలబడింది, ఇప్పుడున్నది తిరిగి కట్టినది. అంబేద్కర్ గారు ఇక్కడ 1916లో చేరారు. బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి 1917లో చదువు మధ్యలో వెనక్కి రావాల్సొచ్చింది. బరోడాలో ఉద్యోగానికి వెళ్తే ప్యూను ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదకి విసిరేవాడు. ఉండడానికి గది ఇచ్చినవాళ్లు లేరు. కులం చెప్పకుండా దిగిన పార్శీ సత్రం నుంచి పార్శీలు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. మళ్లీ డబ్బు పోగేసుకుని 1920లో లండన్ వెళ్లారు. బోర్డింగు ఇంటివాళ్లు పెట్టేది చాలక, రాత్రి చదువు మధ్యలో ఆకలేస్తే తెలిసినవాళ్లిచ్చిన అప్పడాలు కాల్చుకు తినేవారని జీవితచరిత్రలు చెబుతాయి.

అలాంటి మనిషిని గ్రేస్ ఇన్ హాల్లో మరో ముగ్గురితో కలిపి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ‘కలిసి తింటేనే లాయరు’ అన్నారు. గాంధీ గారికి అర్థంలేని తంతుగా కనిపించిన ఆ విందు, సొంత దేశంలో ఎవరి పంక్తిలోనూ చోటు దొరకని మనిషికి ఎలా ఉండి ఉంటుంది? ఆయన దాని గురించి ఏమనుకున్నా, నాకు మాత్రం ఆ హాలు ముందు నిలబడితే ఇదే తోచింది. 1922 జూన్ 28న అంబేద్కర్ గారు బారిస్టరయ్యారు. బొంబాయి వచ్చాక ప్రాక్టీసుకి కావలసిన సనదు రుసుముకి డబ్బు లేకపోతే మిత్రుడు నవల్ భతేనా సర్దాడు. హైకోర్టులో సొలిసిటర్లు బ్రీఫులిచ్చేవారు కాదు. లండన్ పంక్తి బొంబాయిలో చెల్లలేదు.

పంక్తిలో కూర్చోబెట్టినవాళ్లే లేవగొట్టనూ గలరు. స్వరాజ్యం కోరుతూ ‘ఇండియన్ సోషియాలజిస్ట్’ పత్రిక నడిపి, లండన్‌లో ఇండియా హౌస్ పెట్టిన శ్యామ్‌జీ కృష్ణవర్మ పేరుని ఇన్నర్ టెంపుల్ 1909లో కొట్టేసింది. గాంధీ గారి కథ ఇంకా చిత్రం. 1888లో సముద్రం దాటుతున్నాడని బొంబాయిలో ఆయన్ని కులపెద్దలు వెలివేశారు. తిరిగొచ్చాక అన్నగారు నాసిక్ తీసుకెళ్లి మన గోదావరిలోనే ముంచి, రాజ్‌కోట్‌లో కులంవాళ్లకి భోజనాలు పెట్టించారు. 1922లో రాజద్రోహం కేసులో ఆరేళ్ల శిక్ష పడ్డాక, ఆ ఏడాది నవంబరు 10న ఇన్నర్ టెంపుల్ కూడా వెలివేసింది. అప్పటికాయన ఎరవాడ జైల్లో ఉన్నారు. ఈ వెలికి మాత్రం ఏ గోదావరి స్నానాలూ చెయ్యలేదు.

1988లో ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు తిరిగి చేర్చుకుంది. మన కోర్టుల్లో కక్షిదారు పోతే తొంభై రోజుల్లో వారసుల్ని రికార్డులోకి తేవాలి, లేకపోతే దావా అబేట్ అయి ముగిసిపోతుంది. మనిషి పోయిన నలభై ఏళ్లకి, ఎవరూ వకాల్తా వెయ్యకుండా, కోర్టు తనంతట తానే ఇచ్చిన రెస్టొరేషన్ ఆర్డరు ఇదొక్కటే నేను విన్నది. శ్యామ్‌జీకి అదీ ఆలస్యమే: పోయింది 1930లో జెనీవాలో, పేరు ఎక్కింది 2015లో.

ప్రకాశం గారి పేరు మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. మద్రాసులో వేలకి వేలు తెచ్చిపెడుతున్న ప్రాక్టీసుని సహాయ నిరాకరణ రోజుల్లో ఆయనే వదిలేశారు. 1921లో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, ఆ గౌనుతో సంపాదించిందంతా తీసుకెళ్లి అందులో పోశారు.