పాత బండి బేరమా? ఇంజను చల్లగా ఉండగా చూడండి

పంట సొమ్ము చేతికందగానే పాత బ్రెజాయో, బొలేరోయో కొనేందుకు పట్నం వెళ్లే రైతులు రంగు చూసి మోసపోరాదు. గేదెను కొనేవారు రెండు పూటలా పాలు పితికి చూసినట్లే, ఇంజను చల్లగా ఉండగా తెల్లవారుజామునే స్టార్టు చేయించాలి. ముందే వేడెక్కించి ఉంచితే అనుమానించాలి.

నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతోందన్నమాట. మీటరు 40 వేల కిలోమీటర్లే చూపుతున్నా, పెడళ్ల రబ్బర్లు నున్నగా అరిగివుంటే ఆ లెక్క నమ్మరాదు. టైరుపై తయారీ గుర్తు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనదని అర్థం.

ఛాసిస్ నంబరును ఆర్.సి.తో సరిచూసుకోవాలి. ఆర్.సి.లో ఫైనాన్సు బాకీ నమోదై ఉంటే, అప్పిచ్చిన సంస్థ 35వ నంబరు ఫారం ఇచ్చేవరకు బయానా కూడా ఇవ్వరాదు.

తెలిసిన మెకానిక్కును వెంట తీసుకెళ్తే అయ్యే ఖర్చు దండగ కాదు. ఏడాది రెక్కల కష్టం మరమ్మతుల పాలయ్యేకంటే అదే మేలు.