ఏడుపు మానేసిన పాప

ఆసుపత్రిలోనో, హాస్టల్లోనో, చుట్టాలింట్లోనో వదిలిన బిడ్డ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటే ‘హమ్మయ్య, అలవాటు పడ్డాడు’ అనుకుంటాం. పిల్లల మానసిక వైద్యులు మాత్రం ఆ ఊరుకోవడం దగ్గరే ఆగి చూస్తారు. ఎందుకంటే...

ఆ పాప పేరు లారా. వయసు రెండేళ్ల అయిదు నెలలు. బొడ్డు దగ్గర చిన్న ఆపరేషన్ కోసం ఇంగ్లండ్‌లోని ఓ ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఉండాల్సి వచ్చింది. అప్పట్లో అక్కడి ఆసుపత్రుల్లో అమ్మానాన్నలు పిల్లల పక్కన ఉండటానికి ఒప్పుకునేవారు కాదు. చూడటానికి రావడానికీ లెక్కపెట్టిన గంటలే!

లారా గోల చేయలేదు. ఏడుపొచ్చినా ఆపుకునేది. మధ్యమధ్యలో మాత్రం అమ్మ కావాలని అడిగేది. టెడ్డీ బొమ్మను హత్తుకుని కూర్చునేది. నర్సుల లెక్కలో బుద్ధిమంతురాలు. చివరి రోజు అమ్మ వచ్చింది. ఇంటికి వెళ్దామని చెయ్యి అందిస్తే లారా పట్టుకోలేదు!

జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్త ఇదంతా చేతి కెమెరాతో చిత్రించాడు. ఏడ్చిన క్షణాలనే ఏరుకున్నాడని ఎవరూ అనకుండా రోజూ ఒకే సమయానికి కెమెరా ఆన్ చేశాడు. 1952లో లండన్‌లో వైద్యుల సభలో ఆ సినిమా వేస్తే చాలామంది మండిపడ్డారు. ‘మా వార్డుల్లో పిల్లలు హాయిగా ఉంటారు’ అన్నారు. ఏడేళ్లు గడిచాయి. 1959లో బ్రిటన్ ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ, పిల్లల్ని చూడటానికి గంటల లెక్క వద్దనీ, చిన్నపిల్లలతో తల్లులు ఉండే వీలు కల్పించాలనీ సిఫారసు చేసింది.

మూడు మెట్లు

రాబర్ట్‌సన్ పనిచేసింది సైకియాట్రిస్టు జాన్ బౌల్బీ దగ్గర. సంపన్న కుటుంబంలో పుట్టిన బౌల్బీని పెంచింది ఆయా. దాదాపు నాలుగేళ్ల వయసులో ఆమె వెళ్లిపోయింది. పెద్దయ్యాక ఆయన దొంగతనాలు చేసిన 44 మంది పిల్లల్ని పరిశీలించి 1944లో ఓ నివేదిక రాశాడు. వాళ్లలో ఎవరిమీదా మమకారం లేని పిల్లలు 14 మంది. అందులో 12 మంది పసితనంలో తల్లికి చాలాకాలం దూరమైనవాళ్లే! పాలు పట్టినంత మాత్రాన బిడ్డకు అనుబంధం ఏర్పడదనీ, ఆపద వేళ ఆశ్రయమిచ్చే మనిషి కోసం బిడ్డ పుట్టుకతోనే వెతుకుతుందనీ బౌల్బీ చెప్పాడు. అదే అనుబంధ సిద్ధాంతం... అటాచ్‌మెంట్ థియరీ.

తల్లికి దూరమైన బిడ్డలో ఆ ఇద్దరూ మూడు దశలు గుర్తించారు. మొదటిది పోరాటం... ఏడుపు, గుమ్మం వైపు చూపులు. రెండోది నిరాశ... ఆటల్లేవు, తిండి సయించదు. మూడోది అమ్మ మీద మనసు తెంచుకోవడం. ఈ దశలో బిడ్డ నవ్వుతుంది, ఇచ్చింది తింటుంది. పైకి అంతా బాగానే ఉంటుంది. తీరా అమ్మ వస్తే, ఎవరో వచ్చినట్టు చూస్తుంది. ఏడుస్తున్నంతకాలం అమ్మ వస్తుందన్న ఆశ ఉన్నట్టే!

వెళ్లినప్పుడు కాదు, వచ్చినప్పుడు!

బౌల్బీ సహచరి మేరీ ఐన్స్‌వర్త్ దీన్ని పరిశీలించి చూసే పద్ధతి కనిపెట్టింది. 1950లలో ఉగాండా పల్లెల్లో, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డల్ని గమనించిన అనుభవం ఆమెది. ఆ పద్ధతి చాలా సులువు. బొమ్మలున్న గదిలో తల్లీ, ఏడాది దాటిన బిడ్డా ఉంటారు. ఓ కొత్త మనిషి వస్తుంది. అమ్మ మూడు నిమిషాలు బయటికి వెళ్లి తిరిగొస్తుంది. ఇలా రెండుసార్లు. మొత్తం 20 నిమిషాలు.

అమ్మ వెళ్లినప్పుడు బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. వచ్చాక ఏం చేసిందన్నదే కీలకం. కొందరు పరుగున వచ్చి చంకెక్కి, కాసేపటికి ఊరడిల్లి మళ్లీ బొమ్మల దగ్గరికి పోతారు. కొందరు ఎత్తుకోమని ఏడుస్తారు, ఎత్తుకుంటే తోసేస్తారు. ఇంకొందరు అమ్మ వచ్చినా తలెత్తి చూడరు. ‘ఎంత గట్టి పిల్లో’ అనిపిస్తుంది. కానీ గుండె వేగం కొలిస్తే లోపలి ఆందోళన బయటపడింది! దగ్గరికి వెళ్లబోయి మధ్యలోనే బిగుసుకుపోయే పిల్లల్ని ఆ తర్వాత మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ గుర్తించారు. అమ్మే ధైర్యం, అమ్మే భయం అయినచోట ఇలా జరగొచ్చు.

ఇవేవీ జబ్బుల పేర్లు కావు. 20 నిమిషాలు చూసి పిల్లల నుదుట ముద్ర వేయడానికీ కాదు.

వైద్యం ఎవరికి?

‘బిడ్డకు బాగాలేదు, చూడండి’ అని తీసుకెళ్తాం. ఈ సిద్ధాంతం తెలిసిన వైద్యులు బిడ్డనొక్కదాన్నే చూడరు. తల్లీబిడ్డల మధ్య ఏం జరుగుతోందో చూస్తారు. అమెరికాలోని మిషిగన్‌లో సెల్మా ఫ్రైబర్గ్ బృందం దగ్గరికి అయిదు నెలల బిడ్డతో ఓ తల్లి వచ్చింది. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నా ఆమెకు వినపడనట్టే ఉంది. ఫ్రైబర్గ్ బృందం ఆమెను తప్పుపట్టలేదు. చిన్నప్పుడు ఆమె పడ్డ కష్టాన్ని చెప్పనిచ్చింది. తన ఏడుపు వినే మనిషి దొరికాక ఆ తల్లికి బిడ్డ ఏడుపు వినపడటం మొదలైంది! 1975లో అచ్చయిన ఈ అనుభవం పసిపిల్లల మానసిక వైద్యానికి దారి చూపింది.

ఇప్పుడు వీడియో కూడా సాయపడుతోంది. స్నానం, తిండి, ఆట... ఇలా మామూలు పనుల్ని కాసేపు చిత్రించి తల్లిదండ్రులకే చూపిస్తారు. బిడ్డ చూసిన చూపుకి అమ్మ నవ్విన క్షణం దగ్గర ఆపి ‘చూశారా, మీరు నవ్వగానే ఎలా వెలిగిపోయిందో’ అంటారు. తప్పులెంచడం కన్నా ఇదే బాగా పనిచేస్తుంది.

ఆలస్యమైతే?

రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్ల మీద 2000 ప్రాంతంలో ఓ అధ్యయనం మొదలైంది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. ఆ పిల్లల తెలివితేటలూ, అనుబంధాలూ మెరుగయ్యాయి. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లలో మార్పు మరీ ఎక్కువ. మన బాలల న్యాయ చట్టం (2015) కూడా పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమనే అంటోంది.

ఈ సిద్ధాంతం పేరు చెప్పి దారుణాలూ జరిగాయి. అనుబంధం కుదురుస్తామంటూ 2000లో అమెరికాలోని కొలరడోలో పదేళ్ల దత్తపుత్రికను దుప్పట్లో చుట్టి పెద్దలు మీద పడి నొక్కారు. ఊపిరాడక ఆ పాప చనిపోయింది. ఇద్దరు థెరపిస్టులకు 16 ఏళ్ల చొప్పున జైలుశిక్ష పడింది. బలవంతంగా పట్టుకుంటే పుట్టేది భయమే. అలాంటి ‘చికిత్స’ అని ఎవరన్నా బిడ్డను తీసుకుని బయటికి రావాల్సిందే.

అమ్మమ్మ ఇంట్లో...

ఇదంతా చదివి ఉద్యోగాలకెళ్లే తల్లులు బెంగ పెట్టుకోనక్కర్లేదు. బిడ్డకు అమ్మతో పాటు నాన్న, అమ్మమ్మ, నానమ్మ... ఇలా ఒకరికి మించి ఆశ్రయాలు ఉండొచ్చు. కావాల్సింది పిలిస్తే పలికే మనిషి. ఆ మనిషి మాటిమాటికీ మారకపోవడం.

* బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఆటలో ఉన్నప్పుడో చెప్పకుండా జారుకోవద్దు. ఏడ్చినా సరే, వెళ్లొస్తానని చెప్పి వెళ్లండి.

* అమ్మ చీరో, పాత దుప్పటో, ఇష్టమైన బొమ్మో బిడ్డతో ఉంచండి.

* ‘ఏడిస్తే అమ్మ రాదు’ అని బెదిరించొద్దు.

* ఏడాది పసివాణ్ని అమ్మమ్మ దగ్గర వదిలి అమెరికా వెళ్లిన దంపతులు, వాడిని తీసుకెళ్లడానికి వస్తే ఒక్కసారిగా లాక్కెళ్లొద్దు. కొన్నాళ్లు అందరూ ఒకే ఇంట్లో ఉండండి. వాడికి అప్పుడు దూరమవుతోంది అమ్మమ్మ కదా!

* తిరిగొచ్చిన మిమ్మల్ని చూసి బిడ్డ అమ్మమ్మ కొంగుచాటుకి పోతే ‘నన్ను మర్చిపోయావా’ అని నిష్ఠూరమాడొద్దు. పక్కనే కూర్చోండి. గంటకో, నాలుగు రోజులకో వచ్చి ఒళ్లో పడి ఏడుపు లంకించుకుంటే ఏడవనివ్వండి. ఇన్నాళ్లూ దాచుకున్న ఆ ఏడుపు మీకోసమే!