నగను బోర్లించి చూడండి

బంగారం ఎంత స్వచ్ఛమో హాల్‌మార్క్ చెబుతుంది. ఎన్నాళ్లు మన్నుతుందో, ఏ నేలను తవ్వి తెచ్చారో చెప్పదు. అవి మనమే అడిగి తెలుసుకోవాలి.

పెళ్లి బంగారానికి కొట్టుకు వెళ్తే హారాన్ని మెడకు ఆనించి అద్దంలో చూసుకుంటాం. మా అమ్మమ్మ మాత్రం ముందు దాన్ని బోర్లించేది. వెనక అతుకుల మీద బొటనవేలు పోనిచ్చేది. రాళ్ల మీదుగా చీర కొంగు లాగేది. పోగు పట్టిందా, నగ మళ్లీ ట్రేలోకే. ఆవిడ చేయించుకున్న కాసులపేరు మూడు తరాల మెడలు మారింది. పట్టుతాడు రెండుసార్లు, అరిగిన కొక్కెం ఒకసారి మార్పించాం, అంతే. నేలకు భారం కాని నగ ఏదంటే నాకు ముందు ఆ కాసులపేరే గుర్తొస్తుంది.

కాసు వెనక కొండ

గనిలో తవ్విన టన్ను రాతిలో దొరికే బంగారం సాధారణంగా కొన్ని గ్రాములే. టన్నుకు రెండు గ్రాముల లెక్కన చూసినా, ఎనిమిది గ్రాముల కాసు కోసం నాలుగు టన్నుల రాయి పిండి కావాలి. ఆ పిండిలోంచి బంగారాన్ని రాబట్టడానికి పెద్ద గనుల్లో సయనైడ్ వాడతారు. కోలార్ గనులు 2001లో మూతపడ్డా సయనైడ్ పిండి దిబ్బలు గుట్టల్లా అక్కడే ఉన్నాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఊరి మీద పడుతుంది. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని చిన్న గనుల్లో పాదరసంతో బంగారాన్ని ముద్ద చేసి మంట మీద పెడతారు. పాదరసం ఆవిరై గాల్లో కలుస్తుంది. మనుషుల వల్ల గాల్లోకి చేరే పాదరసంలో మూడో వంతుకు పైగా ఇలా వచ్చేదేనని ఐక్యరాజ్యసమితి 2018 నివేదిక లెక్కగట్టింది.

బిల్లులో ఏముండాలి?

నగ మీద మూడు గుర్తులు వెతకండి: బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత (22 క్యారెట్లకు 916), అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలకు ఈ మూడోది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి. చెప్పినదాని కన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడా విలువకు రెట్టింపు పరిహారం కోరే హక్కు కొన్నవారిది.

రాళ్లు, లక్క తీసేసిన నికర బంగారం బరువు బిల్లులో విడిగా ఉండాలి. లేదంటే లక్కకూ బంగారం ధరే కడతాం. ‘కేడీఎం’ అని గొప్పగా చెబితే మురిసిపోవద్దు. అది కాడ్మియంతో వేసిన టంకం. దాని పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకునేది కంసాలి.

బీరువాలోనే గని

మన దేశంలోని ఇళ్లలో 25 వేల టన్నుల దాకా బంగారం ఉందని అంచనా. వాడని గాజులు, ఒంటి జుంకా, తెగిన గొలుసు కరిగించి కొత్తది చేయిస్తే ఆ నగ కోసం గని తవ్వక్కర్లేదు. కాకపోతే ఫ్యాషన్ మారినప్పుడల్లా కరిగిస్తే తరుగు, మజూరీ నీళ్లపాలే.

వజ్రాలకూ ఇదే జాగ్రత్త. 2003లో మొదలైన కింబర్లీ పత్రం తిరుగుబాటు ముఠాల రాళ్లను ఆపడానికే. కూలీల గోస, నేల గాయం దానికి పట్టవు. ల్యాబ్ వజ్రానికి గని అక్కర్లేదు కానీ కరెంటు చాలా కావాలి. అది బొగ్గుదా, సౌరవిద్యుత్తా అన్నదే ప్రశ్న.

మొన్న మేనకోడలితో కొట్టుకు వెళ్లాను. రాళ్ల నెక్లెస్ చూసి మనసు పారేసుకుంది. హెచ్‌యూఐడీ తను ఫోన్‌లో సరిచూసింది. అంతా సరిగ్గానే ఉంది. నేను నగను బోర్లించి, తన చున్నీ అంచు రాళ్ల మీదుగా మెల్లగా లాగాను.

పోగు పట్టింది.

“ఇంకోటి చూపించండి” అంది పిల్ల, నెక్లెస్‌ను తనే ట్రేలో పెట్టేస్తూ.