సరిహద్దు గట్టున తెలుగుబిడ్డ

చేని గట్టు జానెడు జరిగిన నూరకుండని కోనసీమ రైతులకు ఎల్లయన నేమో మేము వేఱుగ చెప్ప నక్కఱలేదు. దేశపు గట్టుకై ప్రాణమొసగిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు జీవితమును మాత్రము చెప్పవలసియున్నది.

ఆయనది సూర్యాపేట. సైన్యమున చేరవలెనను తండ్రి కోరిక ఈడేరలేదు. దానిని కుమారునియందు చూచుకొన నెంచి, ఆ తండ్రి బాలుని విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాలకు పంపెను. పిదప పూనా సమీపమునందలి జాతీయ రక్షణ విద్యాలయమున శిక్షణ, 2004లో సైన్యోద్యోగము, తుదకు 16వ బీహారు పటాలమునకు నాయకత్వము లభించెను.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులను వెనుకకు మరలింప ఆయన తానే ముందు నడచెను. సరిహద్దున తుపాకి పేల్చరాదని రెండు దేశములకును 1996 నాటి ఒడంబడిక కలదు. రాళ్లతోను, మేకులు దిగగొట్టిన కఱ్ఱలతోను పోరు సాగెను. ఆయనతో కలిపి ఇరువదిమంది భారతవీరులు నేలకొరిగిరి. ఆయనకు నలువదియేండ్లైనను నిండలేదు. భార్యయు, ఇరువురు పసిబిడ్డలును మిగిలిరి.

2021లో ప్రభుత్వము మహావీరచక్ర మొసగి గౌరవించెను. అది ఉచితమే. కాని మనలో పెక్కుమందికి ఆ పేరు మరణవార్తతోనే తెలిసినది. మన బడులలోని బాలురకు ఆ రాత్రి కథతోపాటు ఆ తండ్రి కోరికను, కోరుకొండలో గడచిన ఆ బాల్యమును గూడ చెప్పుడని పాఠకులను కోరుచున్నాము.