ర్యాంకెంత బ్రో?

కాలేజీలో చేరిన మొదటి వారంలో మన పేరుకన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎంసెట్‌లో ర్యాంకెంత బ్రో?" తెలంగాణలో ఆ పరీక్ష పేరు 2024లోనే ఈఏపీసెట్ అయింది గానీ మన నోట్లో ఇంకా ఎంసెటే. అడిగేవాళ్లలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు, ఒప్పుకుంటా. నేనూ అడిగాను. కాకపోతే నంబరు విన్నాక ఎదుటివాడు మనసులో వేసుకునే లెక్క ఒకటుంటుంది. కేటగిరీ వారీగా ఏ కాలేజీలో చివరి ర్యాంకు ఎంతో వెబ్‌సైట్లోనే పెడతారు. అలాట్‌మెంట్ లిస్టులో పేరుతో పాటు కులం కాలమ్ కూడా ఉంటుంది. మా బ్యాచ్‌లో ఆ లిస్టు క్లాసులు మొదలవకముందే వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. నార్సింగిలో రూమ్ కోసం తిరుగుతున్నప్పుడు ఒక ఓనరాంటీ "మీరేంట్లు బాబూ?" అని సూటిగా అడిగేసింది. ఆ ప్రశ్నకే ఇంజనీరింగ్ వేషం వేస్తే "ర్యాంకెంత?" అవుతుంది.

నా రూమ్మేటు గురుకులంలో చదివి వచ్చాడు. ఫస్ట్ సెమ్‌లో వాడికి ఎం1, డ్రాయింగ్ రెండూ పోయాయి. నాకూ ఎం1 పోయింది. నాకు పోతే "వీడు చదవలేదురా" అన్నారు. వాడికి పోతే "కోటా కదా" అన్నారు. ఉగాదికి ఊరెళ్తూ పెట్టె మొత్తం సర్దుకున్నాడు. పుస్తకాలు కూడా పెట్టుకుంటుంటే అప్పుడర్థమైంది నాకు, వీడు తిరిగొచ్చే ఆలోచనలో లేడని.

ఇలాంటి విద్యార్థి కోసం కాలేజీలో ఏముండాలో రూల్స్ చాలా స్పష్టంగా చెబుతాయి. యూజీసీ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలి, వివక్ష ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారి ఉండాలి. ఫిర్యాదు అందాక 60 రోజుల్లో తేల్చాలి. క్లాసులో ఒకరి కులాన్ని బయటపెట్టడం, రిజర్వ్‌డ్ కేటగిరీ అని ముద్ర వేసి మాట్లాడటం, హాస్టల్లో మెస్‌లో వేరుగా కూర్చోబెట్టడం, ఇవన్నీ అందులో వివక్ష కిందకే వస్తాయి. ఇంజనీరింగ్ కాలేజీలకు ఏఐసీటీఈ అడిగే ఎస్సీ ఎస్టీ కమిటీ వేరే ఉంది. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ఇచ్చింది, అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని నిలిపేసింది. కాబట్టి ఇప్పటికి మనకున్నవి 2012 నాటివే.

అయితే ఈ సెల్ ఫిర్యాదు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. "కోటా కదా" అన్న ఒక్క మాట మీద ఎవడు కాగితం రాస్తాడు? రాసినా, రేపు ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ డిపార్ట్‌మెంటే. ఫిర్యాదు దాకా వచ్చేసరికే చాలా జరిగిపోయి ఉంటుంది.

దీనికి మనం దూరం వెళ్లి ఉదాహరణ వెతకక్కర్లేదు. నార్సింగి నుంచి గచ్చిబౌలి వైపు వెళ్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ 2008లో సెంథిల్ కుమార్ అనే దళిత పరిశోధక విద్యార్థి చనిపోయాడు. సేలం నుంచి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి వచ్చినవాడు, అతనికి గైడునే కేటాయించలేదు. గైడు లేకపోతే పీహెచ్‌డీ ముందుకు కదలదు. తర్వాత వేసిన కమిటీ చూస్తే, గైడుల కేటాయింపులో సరైన పద్ధతే లేదని తేలింది. తిట్టడం, కొట్టడం ఉంటేనే వివక్ష అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక సంతకం ఆగిపోవడం కూడా వివక్ష కావచ్చు.

2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. అంతకుముందే అతన్నీ మరో నలుగురు దళిత స్కాలర్లనీ హాస్టల్ నుంచి బయటికి పంపారు. వాళ్లు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంటు వేసుకుని దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. తెలుగు క్లబ్బు వాళ్లం కదా, ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఊరు బయటికి తోసేసినవాళ్ల వాడ అది. యూనివర్సిటీ నడిమధ్యలో ఆ పేరు కనబడేసరికి దేశమంతా ఆ మాట నేర్చుకుంది. ఏడు నెలల ఫెలోషిప్, అంటే లక్షా డెబ్బై ఐదు వేలు, తనకు రావాల్సి ఉందని రోహిత్ చివరి ఉత్తరంలో రాశాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు ఆగిపోయిన సీనియర్లు మనకూ తెలుసు. డబ్బు లేటవడం అందరికీ ఒకేలా తగలదు, ఇంటి నుంచి తెప్పించుకోగలిగినవాడు ఆగగలడు.

రోహిత్ సభ్యుడిగా ఉన్న అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఆ యూనివర్సిటీలో 1993 నుంచి ఉంది. దాన్ని రాజకీయంగా ఇష్టపడొచ్చు, పడకపోవచ్చు. నేను చూసేది ఇంకొకటి: అలాంటి సంఘం ఉన్నచోట ఇంటిపేరు విని ముఖం మార్చుకోని సీనియర్లు కొత్తగా వచ్చినవాడికి దొరుకుతారు. ఫారం నింపడం నుంచి ఏ ప్రొఫెసర్‌ని ఎలా కలవాలో దాకా వాళ్లే చెబుతారు. ఐఐటీ బాంబేలో అంబేద్కర్ పెరియార్ ఫూలే స్టడీ సర్కిల్ ఇదే పనిమీద ఏళ్లుగా ఉంది. 2023లో అక్కడ దర్శన్ సోలంకి అనే ఫస్టియర్ విద్యార్థి చనిపోయాక, తోటివాళ్లని జేఈఈ ర్యాంకు అడగొద్దని ఆ సంస్థే మార్గదర్శకాలు ఇచ్చింది. మన "ర్యాంకెంత బ్రో" అంత చిన్న ప్రశ్నేం కాదన్నమాట.

నా రూమ్మేటు తిరిగొచ్చాడు. నేనేదో చేశానని కాదు, నాకప్పుడు ఏం మాట్లాడాలో కూడా తెలీదు. వాడి గురుకులంలోనే చదివిన ఒక ఫైనలియర్ అన్న ఊరికి ఫోన్ చేశాడు. "నాకు మూడు పోయినయ్ రా, ఇప్పుడు ప్లేస్‌మెంట్ వచ్చింది, సోమవారం రా, డ్రాయింగ్ నేను చెప్తా" అన్నాడు. అంతే మాట్లాడింది. ఆ అన్న మన కాలేజీ ఏ కమిటీలోనూ లేడు.

ఇప్పుడు చేతిలో ఉండాల్సినవి రెండు మాటల్లో. మన సెల్ అధికారి ఎవరో కాలేజీ వెబ్‌సైట్లో చూడండి, పేరు లేకపోతే ఎందుకు లేదని అడగండి, ఈ ప్రశ్న ఎవరైనా వేయొచ్చు. కులం పేరుతో వేధిస్తే జాతీయ హెల్ప్‌లైన్ 14566 ఉంది. మనసు బాగాలేక రాత్రి నిద్ర పట్టకపోతే టెలీమానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

నా రూమ్మేటు ఈ ఏడాది ఆదివారాలు మా హాస్టల్ టెర్రస్ మీద ఫస్టియర్ వాళ్లకు డ్రాయింగ్ చెబుతున్నాడు. ఎవరైనా రావచ్చు, ర్యాంకు అడగం. వచ్చేవాళ్లలో కొంతమందికి కిట్ కొనే వీలు లేదు. మా దగ్గర మూడు మినీ డ్రాఫ్టర్లు ఉన్నాయి, మీ పాతది అటక మీద పడి ఉంటే పట్టుకురండి.