ఆరోగ్యానికి మనోవిజ్ఞానం

గద్వాలలో గుంటమగ్గం ముందు రోజంతా కూర్చొని చీరలు నేసే ఒక కార్మికునికి అధిక రక్తపోటు ఉన్నదనుకుందాం. వైద్యుడు మాత్రలు రాశాడు. ప్రభుత్వాసుపత్రిలో అవి ఉచితంగానే లభించాయి. నెల తిరిగేసరికి తలనొప్పి తగ్గింది. ఇక మందెందుకని ఆయన మాత్రలు మానివేశాడు. రక్తపోటు చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండానే గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

రోగనిర్ధారణ సరియైనదే, మందూ సరియైనదే. అయినా చికిత్స విఫలమైంది. కారణం రోగి నమ్మకాలలో, అలవాట్లలో, ఇంటి పరిస్థితులలో ఉన్నది. ఇటువంటి కారణాలను శాస్త్రీయంగా అన్వేషించేదే ఆరోగ్య మనోవిజ్ఞాన శాస్త్రం. అభివృద్ధి చెందిన దేశాలలో సైతం దీర్ఘవ్యాధిగ్రస్తులలో సగటున సగం మందే చికిత్సను సక్రమంగా పాటిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో తెలిపింది.

వ్యాధికి శారీరక కారణాలతోపాటు మానసిక, సామాజిక కారణాలను కూడ పరిశీలించాలని అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో ప్రతిపాదించాడు. మరుసటి ఏడాదే అమెరికా మనోవైజ్ఞానిక సంఘంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. మన ప్రాంతంలో హైదరాబాదు విశ్వవిద్యాలయం 2007లో ఆరోగ్య మనోవిజ్ఞాన కేంద్రాన్ని నెలకొల్పింది. ఆచార్య మీనా హరిహరన్ దానికి ఆద్యురాలు. ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో రోగులు పడే మనోవేదన, దానిని తగ్గించడంలో మానసిక ఆదరణ వహించే పాత్ర అక్కడి పరిశోధకులు అధ్యయనం చేసిన అంశాలలో ఒకటి.

ఈ శాస్త్రంలో ఆచార్యుని పని తరగతిగదితో ముగియదు. ఆసుపత్రులకు వెళ్ళి, రోగుల సమ్మతితో వివరాలు సేకరించాలి. వాటిని గోప్యంగా ఉంచాలి. గణాంక పద్ధతులతో విశ్లేషించాలి. శిష్యుల పరిశోధనకు దారి చూపాలి. వీటన్నిటికీ భాష ప్రాణం. ఇంగ్లీషు ప్రశ్నావళిని మాటకు మాటగా అనువదిస్తే చాలదు. పాలమూరు పల్లెలో 'మీకు మానసిక ఒత్తిడి ఉన్నదా?' అని అడిగితే సమాధానం రాకపోవచ్చు. 'ఏమన్నా రంది ఉన్నదా?' అంటే మనసులోని మాట బయటికి వస్తుంది. అందుకే పరిశోధకుడు తన ప్రశ్నలను ముందుగా కొద్దిమందిని అడిగిచూసి, సరిదిద్దుకొంటాడు.

ఈ వృత్తిని కోరేవారు ఇంటర్మీడియట్ తరువాత మనోవిజ్ఞానం ఒక విషయంగా డిగ్రీ చదివి, అందులోనే స్నాతకోత్తర పట్టా పొందాలి. నెట్ అర్హత, పిహెచ్.డి. తరువాతి మెట్లు. ఏళ్ళు పట్టే ఈ చదువుకు ఓర్పు అవసరం.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వైద్యం ఊరికి దగ్గరైంది. ఊరు వైద్యానికి దగ్గర కావలసి ఉన్నది. వలసకూలీ చికిత్స నడుమనే ఆగిపోతే అందుకు కారణమేమి? నల్లమల చెంచుపెంటలోని తల్లి ఆసుపత్రికి రావడానికి వెనుకాడితే ఆమె భయమేమిటి? ఈ ప్రశ్నలకు జవాబులు వెదకడానికి శాస్త్రజ్ఞానంతోపాటు ఆ మనుషుల పలుకుబడి, బతుకుతీరు కూడ తెలిసి ఉండాలి. ఈ నేలపై పుట్టి పెరిగిన విద్యార్థులకు అందులో సగం ఇప్పటికే ఇంటివిద్య. మిగిలిన సగాన్ని విశ్వవిద్యాలయంలో నేర్చుకొనవచ్చు.