ఒకే కొండ, ఏడాది పొడుగునా



రేడియోలో ఫోటోల గురించి మాట్లాడటమంటే, వంట గురించి చెప్పి ఆకలి తీర్చాలనుకోవడం లాంటిదే. బొమ్మ చూపించే వీలు లేదు. అయినా ధైర్యం చేస్తున్నాను. ఎందుకంటే ఈరోజు నేను చెప్పబోయేదాంట్లో కెమెరా సంగతి కొంతే, చూపు సంగతి ఎక్కువ.

మాది కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. మ్యాపు తీసి చూడండి, మా చుట్టూ దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వానలు తక్కువ, బండరాళ్ళు ఎక్కువ. కొండలు, జంతువులు, పక్షులను ఫోటో తీయడం గురించి పిల్లలకు చెప్పబోతే, "ఇక్కడేముంది సార్, బండలూ ముళ్ళకంపలూ తప్ప?" అంటారు.

వాళ్ళను తప్పు పట్టలేను. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నవాణ్ణే. మా తాలూకాలో తిరుమణి అనే ఊరుంది. ఆ వైపు మైదానం మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాను, భుజాన కెమెరాతోనే. కోతలయిన వేరుశనగ చేలు, గడ్డి, నడుమ నడుమ చెట్లు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు అక్కడ, చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి దాదాపు 13,000 ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు ఉంది. 2018లో మొదటి దశ మొదలైంది. మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూములు కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. కరువుతో వేగిపోయిన రైతుకు అది ఆసరా అయిందన్న మాట కాదనను. నా బాధ వేరు. ఆ నేల అంతకుముందు ఎలా ఉండేదో చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో లేదు. పిల్లలు అడిగితే చేతులతో గాలిలో గీసి చూపిస్తున్నాను.

అందుకే మీకు నేను చెప్పే మొదటి మాట ఇది. దూరపు అడవుల కోసం డబ్బు కూడబెట్టేలోపల, మీ ఊరి కొండనొకదాన్ని ఎంచుకోండి. నిలబడేందుకు ఒక చోటు గుర్తుపెట్టుకోండి. మైలురాయో, గుడి మెట్టో, ఏదైనా సరే. ఏడాది పొడుగునా, కార్తెకొకసారి, అక్కడే నిలబడి ఒక ఫోటో తీయండి. చేతిలో ఉన్న ఫోను చాలు. ఏడాది తిరిగేసరికి ఇరవై ఏడు ఫోటోలవుతాయి. అవి పక్కపక్కన పెట్టి చూస్తే, అది ఒకే కొండ అంటే మీరే నమ్మరు.

ఎందుకు మారుతుందో చెబుతాను. కొండ కదలదు, వెలుగు కదులుతుంది. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు దక్షిణంగా ఉదయిస్తాడు, జూన్‌లో ఉత్తరంగా ఉదయిస్తాడు. మనం భూమధ్యరేఖకు సుమారు 14 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అంటే చలికాలమంతా నీడలో ఉండే ఉత్తరపు బండకు ఆ నెలల్లోనే నేరుగా ఎండ తగులుతుంది. పావగడ కోట ఉన్న కొండనే చూడండి. డిసెంబరులో నల్లగా కనిపించిన పక్కనే జూన్‌లో ప్రతి చారా, ప్రతి పగులూ లెక్కపెట్టవచ్చు. ఈ రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. దాని ముఖం చూడాలంటే పక్క నుంచి పడే వెలుగు కావాలి. అందుకని సూర్యోదయం తర్వాత ఒక గంట, అస్తమయానికి ముందు ఒక గంట మంచివి. మధ్యాహ్నం తీస్తే బండ తెల్లగా వెలిసిపోతుంది.

ఇక కార్తెల వరుస. శివరాత్రి దాటేసరికి మోదుగ పూస్తుంది. మా కన్నడం బడిలో దాన్ని ముత్తుగ అంటారు. ఆకులు రాలిన కొమ్మల మీద ఆ పూలు నిప్పుకణికల్లా ఉంటాయి. ఉగాదికి వేప పూత. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండల్లో బండల మీదికి మగ తొండలు ఎర్రటి, నల్లటి రంగులు తెచ్చుకుని వస్తాయి. జత కట్టే కాలానికి వచ్చే రంగు అది, ఆ తర్వాత వెలిసిపోతుంది. ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడితే చాలు, ఎర్ర మఖ్మల్ గుడ్డ లాంటి ఆరుద్ర పురుగులు నేల మీద పాకుతాయి. ఆ రోజుల్లోనే నెమలి పురి విప్పుతుంది. వానాకాలం ముగిసేలోపల ఆ పింఛాన్ని రాల్చేసుకుంటుంది. మాకు అసలు వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో. అప్పుడు నిడగల్లు కొండ పైకి చూడండి, తెల్లవారుజామున కోట మబ్బులో దాగి ఉంటుంది. సీతాఫలాలు పండేదీ అప్పుడే. పళ్ళ కోసం ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయి, కాబట్టి చీకటితో కొండ ఎక్కకండి, ఒంటరిగా అసలు వద్దు.

జంతువుల విషయానికొస్తే, మంచి ఫోటోకు దగ్గరికి వెళ్ళాలనేది అందరికీ ఉండే భ్రమ. దానికి నేను చెల్లించిన మూల్యం చెబుతాను. కొన్నేళ్ళ కింద ఒక వేసవిలో, ఎండిన చెరువు పక్కన గరుసు నేల మీద తీతువు పిట్ట గూడు కనిపించింది. గూడంటే పుల్లలూ పీచూ కాదు, చిన్న గుంట. అందులో రాళ్ళలో రాళ్ళలా కలిసిపోయిన నాలుగు గుడ్లు. తల్లి నా తల మీద తిరుగుతూ అరుస్తోంది. నేను మాత్రం కోణం మార్చి మార్చి ముప్పావు గంట ఫోటోలు తీశాను. పొద్దున పదకొండు గంటల ఎండ. తీతువు వేసవిలో గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసమే కాదు, నీడ కోసం. పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. వారం తర్వాత వెళితే గుడ్లు అలాగే ఉన్నాయి. పక్షి లేదు. ఫోటోలు మాత్రం చక్కగా వచ్చాయి. ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పక్షి అరిచిందంటే, జింక మేత మాని తల ఎత్తిందంటే, నేను అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చానని లెక్క. వెనక్కి జరుగుతాను. గూడు దగ్గర నిలబడనే నిలబడను. పెద్ద లెన్సు లేదా? జంతువును చిన్నదిగా, చోటును పెద్దదిగా తీయండి. అది ఏ గడ్డిలో మేస్తుందో, ఏ బండ నీడన పడుకుంటుందో ఆ ఫోటోలో తెలుస్తుంది. ముఖం మాత్రమే నింపిన ఫోటో జంతుప్రదర్శనశాలలో తీసినా అలాగే ఉంటుంది.

ఇది నేర్చుకోవడానికి మంచి చోటు మా పొరుగు తాలూకా మధుగిరిలో ఉంది. మైదనహళ్ళి దగ్గర గడ్డి మైదానాన్ని 2007లో జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. విస్తీర్ణం 798 ఎకరాలు. అటవీ శాఖ అనుమతి తీసుకుని వెళ్ళండి. నల్లని మగ జింకకు పొట్ట తెల్లగా ఉంటుంది. ఎండ నెత్తికెక్కితే కెమెరా ఆ రెండు రంగుల నడుమ తికమక పడుతుంది, కాబట్టి ఉదయమే మేలు. పరుగెత్తే జింక చెదరకుండా రావాలంటే షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు ఉండాలి. చలికాలంలో వెళితే, మధ్య ఆసియా నుంచి వచ్చే గద్దలు కూడా ఆ గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ కనిపిస్తాయి. మనం బంజరు అని కొట్టిపారేసే నేల కోసం అవి అంత దూరం నుంచి వస్తున్నాయి!

పక్షులంటే ఇష్టమున్నవారికి శిరా తాలూకాలో కగ్గలడు, చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉన్నాయి. ఊరి నడుమ చెట్ల మీదే పెద్ద కొంగలు గూళ్ళు కడతాయి. వీటిని చాలామంది సైబీరియా కొంగలంటారు. అది పొరపాటు, ఇవి మన దేశపు పక్షులే. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. మనం వెళ్ళినా ఆ మర్యాద పాటించాలి. చెట్టు కింద కేకలు వేయకూడదు, పిల్లలు ఎగరడం చూద్దామని రాళ్ళు విసరకూడదు.

చివరగా ఒక చిన్న పని. ప్రతి ఫోటోకూ ఒక నోటుబుక్కులో నాలుగు సంగతులు రాయండి: తేదీ, వేళ, నిలబడ్డ చోటు, కనిపించిన చెట్టూ పిట్టా పేర్లు. రెండు భాషలూ వచ్చినవారు రెండింటిలోనూ రాయండి. రాత లేని ఫోటో పదేళ్ళ తర్వాత ఏ ఊరిదో కూడా తెలియదు. రాత ఉన్నదైతే, ఫలానా చెరువు ఫలానా ఏట నిండిందనీ, ఫలానా కొండ మీద ఇన్ని చెట్లుండేవనీ సాక్ష్యం చెబుతుంది.

రేపు పొద్దున ఇంటి నుంచి బయటికొచ్చినప్పుడు, ఇక్కడేముందిలే అని మీరు రోజూ దాటిపోయే చోటు ఏదో ఒకసారి గుర్తుచేసుకోండి. మొదటి ఫోటో అక్కడే తీయండి. తిరుమణి దారిలో నేను చేయలేని పని మీరు చేసినవారవుతారు.